వంకర దుప్పట్లు

మేం ఫిరంగి అని పిలుచుకునే ఆవిడ నోటికి జడిసి మా లాండ్రీలో సూపర్‌వైజర్ కూడా పక్కకు తప్పుకుని వెళతాడు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపడం మా పని. తడి దుప్పటిని వేడి రోలరులోకి ఫిరంగి పెడితే, అవతల ముడత అన్నది కనపడదు. అవతల నిలబడి అందుకుని మడతపెట్టేది నేనే కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి. పొగడ్తలు నాకంత తేలిగ్గా రావు.

ఆమెకు ప్రాణస్నేహితురాలు పిచ్చుక. సన్నటి మనిషి, నోట్లో నాలుక లేనిది. ఇద్దరికీ ఎలా కుదిరిందో దేవుడికే తెలియాలి. మొగుడు పోయాక పిచ్చుక ఇద్దరు ఆడపిల్లల్ని ఈ రోలరు పని మీదే సాకుతోంది. ఆ రోలరే వానాకాలంలో ఆమె కుడిచెయ్యి కాల్చింది. గాయం మానింది గానీ భయం మానలేదు. తిరిగి పనిలోకి వచ్చాక, రోలరు దగ్గరికి వెళితే చాలు, ఆ చెయ్యి దానంతటదే వీపు వెనక్కి పోయేది. ఫిరంగి బతిమాలింది, తిట్టింది, రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది. ఏం చేసినా లాభం లేకపోయింది.

"శనివారంలోగా రోలరు దగ్గర నిలబడితే సరి, లేకపోతే వేరే పని చూసుకో," అన్నాడు సూపర్‌వైజర్. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే.

శనివారం పొద్దున ఫిరంగి ఆమెను పిలిచింది. "నువ్వేం చెయ్యొద్దులేవే. నా పక్కన నిలబడి తడి దుప్పట్లు అందివ్వు, అంతే."

మొదటి దుప్పటి వంకరగా వచ్చింది. రెండోది ఇంకా వంకర, అంచున ఇంత లావు ముడత. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను.

"ఏమే, రాత్రి నిద్ర లేదా?" అని రోలరు మీదుగా అరిచాను.

ఈలోగా సూపర్‌వైజర్ రానే వచ్చాడు. "ఇన్నేళ్ళ సర్వీసూ ఏట్లో కలిపేశావా? నీకంటే కొత్తగా చేరినవాళ్ళు నయం!" అని అందరి ముందూ దులిపేశాడు. మాటకు పది మాటలు అప్పజెప్పే ఫిరంగి తల దించుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆయన మీద కాదు, ఆమె మీద. పిచ్చుక బతుకు తేలిపోయే రోజునే ఈవిడకేం మాయరోగం వచ్చింది?

మరో దుప్పటి పెట్టింది. అదీ ఏటవాలుగానే పోతోంది. పిచ్చుక దాన్నే చూస్తోంది. వంకర దుప్పటిని చూస్తూ ఊరుకోవడం మా పనిలో ఉన్నవాళ్ళెవరివల్లా కాదు. ఒంటిమీద చీమలు పాకినట్టు ఉంటుంది.

"అబ్బా, ఇటు లాగక్కా!" అని అరిచింది పిచ్చుక. అరుపుతోపాటే మచ్చపడిన ఆ కుడిచెయ్యి ముందుకొచ్చి అంచు పట్టి సరిచేసింది. దుప్పటి నా వైపు నున్నగా దిగింది.

అప్పుడు చూసుకుంది తన చేతిని. ఇక ఏడుస్తుందనుకున్నాను.

"చూస్తావేంటే? తర్వాతది కూడా నువ్వే పెట్టు. నాకివాళ చేతకావట్లేదు," అంది ఫిరంగి.

పెట్టింది. ఆ తర్వాతదీ పెట్టింది. అబద్ధమెందుకు, భయపడుతూనే పెట్టింది. కానీ ఒక్కటీ వంకర పోలేదు. సూపర్‌వైజర్ కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయాడు.

భోజనాల బెల్లు మోగగానే పిచ్చుక చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. ఫిరంగిని నాలుగు దులిపేద్దామని నేను రోలరు అవతలికి నడిచాను. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఎడమచెయ్యి మిషన్ ఆపే ఎర్ర బటన్ మీద ఉంది. పొద్దుటినుంచీ అది అక్కడే ఉందని అప్పుడు అర్థమైంది. ఒంటిచేత్తో పెడితే ఎవరి దుప్పటి తిన్నగా పోతుంది?

"అంటే... కావాలనే వంకర పెట్టావా?"

"మరి? ఊరికే పెట్టమంటే పెడుతుందా అది? కానీ, దాని చెయ్యి మళ్ళీ కాలితే నేనేమైపోవాలే?"

ఇలాంటి మనిషి పక్కన పనిచేస్తున్నందుకు నాకు గర్వంగా అనిపించింది.

"సరే, అన్నానికి పద. ఇంక తియ్యి చెయ్యి."

"రావట్లేదే. బిగుసుకుపోయింది."

తిట్టడానికి వెళ్ళినదాన్ని, ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తూ నిలబడ్డాను.