చిలకలవంక మట్టం

నేను ఒక కొలతకర్రను. నాలుగు మీటర్ల పొడవు, నడుమ ఒక ఇత్తడి మడతబందు, ఒంటి నిండా నలుపు ఎరుపు గడులు, అంకెలు. ఇంజినీర్లు నన్ను స్టాఫ్ అంటారు. ఊళ్ళవాళ్ళు మాత్రం నేను ఎక్కడ కనబడినా "సర్వే కర్ర వచ్చింది" అని పనులు ఆపి చూస్తారు. నేను వచ్చానంటే రోడ్డో వంతెనో ఏదో ఒకటి వస్తుందని వాళ్ళ నమ్మకం. నేను వెళ్ళిన చోట్లలో సగానికి పైగా ఏదీ రాలేదు. ఆ సంగతి వాళ్ళకు చెప్పే నోరు నాకు లేదు.

పుట్టుకకు టేకు చెక్కను. ఉత్తరాదిలో ఒక చిన్న కార్ఖానాలో నన్ను చిత్రిక పట్టారు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారే ఒక ముసలి పనివాడు ఊపిరి బిగబట్టి నా మీద ఒక్కొక్క గీత వేశాడు. గీత వెంట్రుకవాసి తప్పినా గీకేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. లోకంలో అందరూ అంకెల విషయంలో ఇంత భయంగా ఉంటారేమో అనుకున్నాను. గోనెసంచీలో చుట్టి, రైల్లో, లారీలో, చివరికి రాయలసీమలో ఒక చిన్న ఇంజినీరింగ్ ఆఫీసుకు పంపారు. అక్కడ నన్ను చౌడప్ప చేతిలో పెట్టారు.

చౌడప్ప ఖలాసీ. అంటే నన్ను మోయడం, చెప్పిన చోట నిటారుగా నిలబెట్టడం, ఇంజినీరు చెయ్యి ఊపేదాకా కదలకుండా ఉండడం అతని పని. రోజుకూలి కింద ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాడు. ప్రతిసారీ నిలబెట్టే ముందు నా అడుగున అంటిన మట్టిని తుండుగుడ్డతో తుడిచేవాడు. "మట్టి అరంగుళం ఉన్నా లెక్క అరంగుళం తప్పుతాది" అని ఎవరో పాత ఇంజినీరు చెప్పిన మాట అతను మరవలేదు. ఎండలో కళ్ళు మూసుకుని, రెండు అరచేతుల మధ్య నన్ను పట్టుకుని నిలబడితే అతను కూడా ఒక కర్రలాగే ఉండేవాడు. ఇంజినీర్లకు అతను కనబడేవాడు కాదు. నేనే కనబడేదాన్ని. దూరం నుంచి నా అంకెలు చదవడానికి ఆ ఆఫీసులో ఉన్న పాత దుర్బిణీ యంత్రంలో నేను తలకిందులుగా కనబడతానని మా ఇద్దరికీ చాలాకాలం తెలియదు.

తెలిసింది ప్రసూన వచ్చాక. ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరిన అసిస్టెంట్ ఇంజినీరు. ఒకరోజు పని ముగిశాక నన్ను గోడకు ఆనించి, చౌడప్పను పిలిచి యంత్రంలో చూడమంది. అతను ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఇన్నేండ్లూ నేను నిలబెట్టింది ఇట్ల తలకిందులుగానా మ్మా కనపడేది?"

"అవును చౌడప్పా. తలకిందులుగా ఉన్నదాన్ని సరిగ్గా చదువుకోవడమే మా చదువు" అంది ఆమె.

అతను నవ్వాడు. ఆ తరువాత ఆమె ఏ పనికి పిలిచినా భోజనం మధ్యలో నుంచైనా లేచి వచ్చేవాడు.

చిలకలవంక అనే వాగుకు అవతల సింగంవాండ్లపల్లె అని ఒక చిన్న పల్లె ఉంది. వానాకాలంలో వంక పారితే ఆ పల్లెకు దారి ఉండదు. కిందటి ఏడు కార్తీకంలో నాగులక్క అనే ఆమె కోడలికి నొప్పులు వచ్చాయి. వంక దాటించలేక ఇవతలి ఒడ్డు చూస్తూ ఒక పూటంతా కూర్చున్నారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ తరువాతే పల్లె జనం వేలిముద్రలు వేసి వంతెన కోసం అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీ ప్రసూన బల్ల మీదికి వచ్చింది.

వేరే ఇంజినీర్లయితే నేరుగా యంత్రం దింపి కొలతలు మొదలుపెట్టేవాళ్ళు. ఆమె మొదటి మూడు రోజులు నన్ను జీపులోంచి దించనే లేదు. పల్లెలో రచ్చబండ మీద మగవాళ్ళతో మాట్లాడింది. సరిపోలేదని ఇళ్ళ వెనక ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వంక ఎవరు దాటుతారు, ఏ వేళ దాటుతారు, నెత్తిన ఏం మోస్తారు, ఏ నెలలో ఎన్ని రోజులు ఆగిపోతారు, అన్నీ అడిగి రాసుకుంది. చౌడప్పకు ఇదంతా వింతగా ఉంది.

"వంతెన గావాలని వాళ్ళే అడిగినారు గదమ్మా. ఇంకా ఏం అడగాల?"

"కావాలన్నారు. ఎందుకు, ఎవరికి, ఎట్లాంటిది అన్నది చెప్పలేదు. అది తేలకుండా గీత గీస్తే అది బొమ్మవుతుంది, వంతెన కాదు. ఇంకొకటి ఉంది, దాన్ని ఏది చెడగొడుతుందో కూడా ముందే తెలుసుకోవాలి."

నాలుగోరోజు నాగులక్కను వంక దగ్గరికి తీసుకొచ్చింది. మేకలు కాసుకునే మనిషి, డెబ్బై దాటి ఉంటాయి. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూపించమంటే, ఆమె జనం వంక దాటే రేవు దగ్గర ఆగలేదు. ఎగువకు రెండు ఫర్లాంగులు నడిచి, వంక ఒడ్డున నల్లగా ఉన్న ఒక పెద్ద రాతిగుండు దగ్గర నిలబడి చెయ్యి పైకెత్తింది.

"ఇంగో, ఈ నెర్రె కాడికి వచ్చినాయి. మా రెండోది కడుపులో ఉండంగ. మా దొడ్డి పోయింది, పద్దెనిమిది మేకలు పోయినాయి. మల్లా ఒకసారి, మా ఆయన పోయిన ఏడు, దీనికి జానెడు కింద."

చౌడప్ప గుండు ఎక్కి నన్ను ఆ నెర్రె మీద నిలబెట్టాడు. ప్రసూన యంత్రంలో చూసి, వంక అడుగు నుంచి లెక్క కట్టింది. మూడు మీటర్ల తొంభై. రెండుసార్లు చూసింది, మూడోసారి చౌడప్పనే చదవమంది. అతను తడుముకుంటూ చదివాడు. అదే అంకె. ఇవతల రాతినేల గట్టిగా ఉంది, వంక ఇక్కడ సన్నగా ఉంది. వంతెన ఇక్కడే, నాలుగున్నర మీటర్ల ఎత్తున రావాలని ఆమె నోటు రాసింది. పునాది సంక్రాంతి వెళ్ళిన వారంలో మొదలై వానలలోపు స్తంభాలు లేవాలని, ఆలస్యమైతే ఒక ఏడాది ఆగడమే మేలని కూడా రాసింది.

ఆ నోటు ప్రసూన పై అధికారి డీఈ వరదరాజులు గారి దగ్గర నాలుగు నెలలు ఉంది. వైశాఖం ఎండల్లో ఒకనాడు ఉన్నట్టుండి అందరికీ తొందర పుట్టింది. ఇరవై రోజుల్లో ఒక పెద్దమనిషి ఆ దారిన వస్తున్నాడట. శంకుస్థాపన జరగాలట. గుండు దగ్గరికి కార్లు పోవు, రేవు దగ్గరికైతే పోతాయి. శిలాఫలకం మీద 'రేవు వద్ద' అని అక్షరాలు చెక్కడం కూడా అయిపోయింది. మనుషులు వంతెనకు చోటు ఇట్లా కూడా నిర్ణయిస్తారని నాకు అప్పుడే తెలిసింది.

ప్రసూన జిల్లా ఆఫీసులో మీటింగుకు వెళ్ళిన రోజు చూసి, వరదరాజులు గారు చౌడప్పను, నన్ను జీపెక్కించారు. రేవు దగ్గర దిగి, నీళ్ళంచున ఉన్న బట్టలుతికే బండను చూపించారు.

"దాని మీద పెట్టు."

చౌడప్ప కదల్లేదు. "సార్, వరద మట్టం అమ్మ ఆ గుండు కాడ పెట్టించింది. నాగులక్క చూపించింది."

"ఎప్పుడో వచ్చిన నీళ్ళకు ఇప్పుడు వంతెన కడతామా? ఆ ఎత్తుకు కట్టాలంటే మూడేండ్లు పడతాది. రేవులో తూములేసి చిన్నది కడితే మూడు నెలలు. పల్లెకు దారి కావాలా, వద్దా?"

చౌడప్ప నన్ను భుజం మీంచి దించలేదు.

"నిన్ను పర్మినెంటు చేసే కాగితం నా బల్ల మీదే ఉండాది చౌడప్పా" అన్నారాయన, కోపమేమీ లేకుండా, గుర్తుచేస్తున్నట్టు.

చౌడప్ప వంగి నా అడుగు తుడిచాడు. ఆ రోజు కూడా తుడిచాడు. బండ మీద నన్ను నిలబెట్టి కళ్ళు మూసుకున్నాడు. నేను అబద్ధం చెప్పలేదు. ఆ బండ ఎత్తు ఎంతో అంతే చెప్పాను, ఒక మీటరు అరవై. దాని పక్కన 'అత్యధిక వరద మట్టం' అని రాసింది మనిషి చెయ్యి.

ప్రసూనకు వారంలోపే బదిలీ కాగితం వచ్చింది. బస్సుదాకా ఆమె సంచీ చౌడప్పే మోశాడు. ఆఫీసు పనికోసం అదే బస్సులో టౌనుకు పంపాలని నన్నూ భుజాన వేసుకొచ్చాడు.

"డీఈ గారు వంక దగ్గరికి వెళ్ళారట. ఏమైనా కొలిచారా?" అని అడిగింది ఆమె.

"ఏదో చూసినార్లే మ్మా" అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. ఇంకొకసారి అడిగి ఉంటే చెప్పేవాడేమో. బస్సు వచ్చింది.

వంతెన మూడు నెలల్లో కాదు, ఐదు నెలల్లో లేచింది. సగం పని వానల్లోనే సాగింది. తూములు సన్నం, పైన నడిచే దారి రెండు మీటర్ల ఎత్తు. పల్లె జనం మాత్రం సంతోషపడ్డారు. నాగులక్క దాని మీద మేకలు తోలుకుపోతూ చౌడప్ప కనబడితే, "మీ కర్ర మాకు మేలు చేసింది నాయనా" అనేది. అతను తల ఊపి వేరే దిక్కు చూసేవాడు. అప్పటికి అతను పర్మినెంటు అయ్యాడు. కొత్త ఖాకీ చొక్కా కుట్టించుకున్నాడు. ఆ పల్లె దారిన ఏ పని పడినా ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పుకునేవాడు.

నాలుగో ఏడు ఆశ్వయుజంలో తుఫాను పట్టింది. రెండు రోజులు విడవకుండా కురిసింది. మూడోరోజు సాయంత్రం నాలుగు గంటలకు, వేరుశనక్కాయలు పెరికి వస్తున్న కూలీల ఆటో ఒకటి రేవు దగ్గరికి వచ్చింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన కంపచెట్లు తూములకు అడ్డం పడి, నీళ్ళు వంతెన మీద మోకాలి లోతు పారుతున్నాయి. దాటొచ్చనుకున్నాడు ఆటో అబ్బి. నడుమకు వచ్చేసరికి నీళ్ళు ఒక్కసారిగా లేచాయి. అతను ఈది బయటపడ్డాడు. ముగ్గురు ఆడవాళ్ళు పోయారు. వాళ్ళలో నాగులక్క కోడలు ఒకతె. కిందటిసారి వంక దాటలేక బిడ్డను పోగొట్టుకున్నదే, ఈసారి దాటబోయి తానే పోయింది.

విచారణకు నగరం నుంచి ఒక అధికారి వచ్చాడు. వరద ఎంత ఎత్తు వచ్చిందో కొలవాలి గనక నన్ను బయటికి తీశారు. ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పకముందే చౌడప్ప నన్ను భుజాన వేసుకుని, బురదలో రెండు ఫర్లాంగులు నడిచి, ఆ గుండు ఎక్కాడు. నెర్రెకు నాలుగు వేళ్ళ కింద బురద చార ఉంది.

"ఇంత ఎత్తున వస్తాయని ముందుగా ఎవరికీ తెలియదా?" అధికారి అడిగాడు.

వరదరాజులు గారు రిటైరై రెండేళ్ళయింది. చౌడప్ప గుండు మీది నుంచే జవాబిచ్చాడు.

"తెలుసు సార్. ఇదే నెర్రె మీద నిలబెట్టినాను. మల్లా బట్టలుతికే బండ మీద నిలబెట్టింది కూడా నేనే. నిలబెట్టకూడదని తెలిసే నిలబెట్టినా."

ఎవరు పెట్టమన్నారని అధికారి అడిగాడు. చౌడప్ప వరదరాజులు గారి పేరు చెప్పాడు. ఒడ్డున నాగులక్క కూర్చుని ఉంది. విన్నదో లేదో, వంకవైపే చూస్తూ ఉండిపోయింది.

మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. ఖలాసీ స్టాఫును తప్పు చోట నిలబెట్టినందువల్ల వరద మట్టం తప్పుగా నమోదైందని అందులో ఉంది. ఖలాసీ స్వయంగా ఒప్పుకున్నాడని కూడా ఉంది. అతను చెప్పిన పేరు ఎక్కడా లేదు. చౌడప్ప ఉద్యోగం పోయింది. నా మెడకు ఒక అట్టముక్క కట్టి, నంబరు వేసి, రికార్డు గదిలో మూల నిలబెట్టారు.

ఉద్యోగంలోంచి తీసేసినట్టు కాగితం అందుకోవడానికి అతను ఆఫీసుకు వచ్చిన రోజే, సంగతి విని ప్రసూన కూడా వచ్చింది. రికార్డు గది ముందున్న బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ఆమె తలలో అక్కడక్కడా తెలుపు.

"నా నోటు ఫైల్లో లేదు చౌడప్పా. ఇప్పుడే చూశాను. ఒక నకలు దాచుకోవాల్సింది. బదిలీ కాగితం రాగానే వెళ్ళిపోయాను. రాసి వెళ్ళాల్సింది."

"బస్సు కాడ మీరు అడిగినారు. నేను చెప్పలేదు."

"ఇంకొకసారి అడగాల్సింది."

అతను చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాగులక్క ఇంటికి పోయినా మ్మా" అన్నాడు చివరికి. "అన్నీ చెప్పినా. తిడతాదనుకున్నా. మంచినీళ్ళు ఇచ్చింది. తాగి వచ్చినా."

ప్రసూన కొంగుతో మొహం తుడుచుకుంది. తలుపు తెరిచే ఉంది, నేను ఎదురుగానే ఉన్నాను. పోయేటప్పుడు చౌడప్ప నా వైపు చూడలేదు.

ఆ తరువాత నన్ను ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు కొలతలకు అల్యూమినియం కర్రలు వచ్చాయి, ఇంకేవో మీటలు నొక్కే యంత్రాలు వచ్చాయి. నా ఎరుపు గడులు వెలిశాయి. అంకెలు మాత్రం చెదరలేదు.

నిన్న మధ్యాహ్నం ఒక కుర్ర ఇంజినీరు రికార్డు గదికి వచ్చాడు. చిలకలవంక మీదే, రెండు మైళ్ళ దిగువన, ఇంకో పల్లెకు వంతెన కావాలట. నెలాఖరులోపు ప్లాను పంపాలట. అటెండరు దుమ్ము దులిపి రేవు వంతెన పాత ఫైలు తీసి ఇచ్చాడు. విచారణ రిపోర్టు అందులో లేదు, వేరే కట్టలో ఉంది.

"వంక కాడికి పోయి చూడరా సార్?"

"టైము లేదు. అదే వంక కదా, అన్నీ ఇందులోనే ఉంటాయి" అన్నాడతను.

నాకు ఎదురుగా కుర్చీ వేసుకుని, పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టి ఆపాడు. జేబులోంచి పెన్ను తీసి, కొత్త కాగితం మీద శ్రద్ధగా రాసుకున్నాడు. అత్యధిక వరద మట్టం, ఒక మీటరు అరవై.