శంకరవ్వ దాక్కున్న గోడ

ఎలగందుల ఖిల్లా మళ్లీ ఒక్కసారి ఎక్కాలని శంకరవ్వకు కోరిక ఉన్నట్టు పెద్దకోడలు సరోజనకు పన్నెండేళ్లలో ఎన్నడూ తెలియలేదు. కాపురానికొచ్చి ఎనిమిది నెలలు కూడా నిండని చిన్నకోడలు భవ్యశ్రీకి తెలిసింది. ఆదివారం సిరిసిల్లలో ముగ్గురూ ఆటో ఎక్కినప్పటి నుంచీ సరోజన కడుపు అందుకే మండుతోంది.

మెట్ల దగ్గర శంకరవ్వ చెయ్యి చాపింది. సరోజన అందుకునేలోపే భవ్యశ్రీ పట్టేసుకుంది.

"మెల్లగ అత్తమ్మా. నాకు గా గోడ సూపియ్యాలె నువ్వు."

"ఏం గోడ?" అంది సరోజన.

"నీకు తెల్వదా అక్కా? అత్తమ్మకు పదమూడేండ్లకే లగ్గం కుదిరిస్తే గీ ఖిల్లా మీదికి ఉరికొచ్చి దాసుకున్నదట!"

సరోజనకు తెలియదు. అత్తకు షుగరు ఎంతుందో తెలుసు, ఏ మోకాలు ముందు నొస్తుందో తెలుసు, దువ్వెన ఎక్కడ తగిలితే కసురుకుంటుందో తెలుసు. ఇది మాత్రం తెలియదు. ఇద్దరినీ వదిలేసి గబగబా మెట్లెక్కేసింది. నీళ్ల సీసా తన సంచిలోనే ఉందని గుర్తుంది. వెనక నుంచి పిలుపు వినపడింది. అయినా ఆగలేదు.

పైన కూలిన బురుజు నీడలో కూర్చుంది. ఒకప్పుడు చుట్టుపక్కల సీమనంతా ఏలిన ఎలగందుల, అత్త పుట్టినూరు, కింద చెట్ల నడుమ ఒదిగి ఉంది. ఆవల మానేరు డ్యాం నీళ్లు. మెట్ల మీద శంకరవ్వ ఏదో చెబుతోంది, ఆ పిల్ల విరగబడి నవ్వుతోంది. గొంతెండినాక ఎవరు గుర్తొస్తారో చూద్దాం అనుకుంది సరోజన.

పైకి చేరేసరికి శంకరవ్వ పెదవులు పాలిపోయాయి. మాట రాక చేత్తో సైగ చేసింది. సరోజన చప్పున మూత తీసి సీసా నోటికందించింది.

"పానం పోతుండె బిడ్డా. పిలిస్తే గూడ ఆగకపోతివి."

"నాకు ఇనవడలే." అబద్ధమాడి, తల దించుకుని అడిగింది. "గా ముచ్చట నాకెందుకు చెప్పలే అత్తమ్మా?"

"నువ్వెన్నడన్న అడిగినవా? ఎప్పుడు సూసినా బీడీలు సుట్టుకుంట చాటల తలకాయ వెట్టుకొనే ఉంటివి."

"తలకాయెత్తి కూసుంటే ఇల్లెట్ల నడుస్తుండె? నీ మందులెవలు తెస్తుండె?"

భవ్యశ్రీ బిక్కమొహం వేసింది. శంకరవ్వ సీసా మూత బిగించి పక్కన పెట్టింది.

"అది గూడ నిజమే," అంది. "పనిల ఉన్నదాన్ని కదిలియ్యాలంటే నాకే భయమైతుండె."

సరోజన జరిగి నీడలో అత్తకు చోటిచ్చింది. "కూసో. గిప్పుడు అడుగుతున్న గదా. ఏడ దాసుకున్నవ్?"

"గా పడిపోయిన గోడెన్క."

"పొద్దూకంగ అత్తమ్మ వాళ్ల బాపు వచ్చి భుజం మీదేసుకొని..." భవ్యశ్రీ అందుకుంది.

"నువ్వూకో. అత్తమ్మ చెప్తది."

శంకరవ్వ గొంతు తగ్గించింది. "బాపు కంటె ముందు నన్ను కన్న మా అవ్వ వచ్చింది. నేనేడుంటనో ఆమెకెర్కే. కొంగుల జొన్నరొట్టె కట్టుకొచ్చి తినవెట్టింది. 'నేను గూడ గిట్లనే ఉరికిన బిడ్డా' అని ఏడ్సింది. ఎవ్వలికి చెప్పద్దని ఒట్టేయించుకున్నది. గిప్పటిదాంక చెప్పలే."

భవ్యశ్రీ ముఖం వాడిపోయింది. "నాకు గూడ చెప్పలే గదా అత్తమ్మా..."

ఆ పిల్లను చూస్తే సరోజనకు జాలేసింది. కడుపులో చల్లగానూ అనిపించింది. అత్త కాలు ఒళ్లోకి తీసుకుని మోకాలు ఒత్తుతూ, "ఇంకేమన్నది మీ అవ్వ?" అని అడిగింది, భవ్యశ్రీ కూర్చోవడానికి చోటివ్వకుండానే.