చావుపన్ను

"నీకు మంచి గౌనెందుకే, చచ్చాక మఠంవాళ్ళు పట్టుకుపోవడానికా?" కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఆఫ్రా అన్న మాట అది. మోచేతి దగ్గర చిరిగిన గౌనుకు మాసిక వేస్తున్న కునిగుండ్‌కు ఇవాళ మళ్ళీ గుర్తొచ్చింది. మాసిక మీద మాసిక. అసలు బట్ట ఏదో తనకే తెలియడం లేదు.

ఆ ఊళ్ళో పొలాలు క్రైస్తవ సన్యాసుల మఠానివి, మనుషులూ మఠం సొత్తే. మగవాడు చస్తే కొట్టంలోని మేలైన ఆవు, ఆడది చస్తే పెట్టెలోని మేలైన బట్ట మఠానికి పోవాలి. అదే చావుపన్ను. ఆవు బక్కదైతే పాలుండవు గనక మగవాళ్ళు మంచి ఆవునే పెంచుకున్నారు. బట్టకు మాత్రం ఉపాయం కనిపెట్టారు, ఇంటి ఆడదానికి మంచి బట్టే లేకుండా చూడడం. అవిసె నార చిక్కు తీసేది కునిగుండ్, చలికాలమంతా వడికేది కునిగుండ్, నేసేదీ ఆమే. ఆ బట్ట సంతకు వెళ్ళేది, భర్త ఫైట్ కొత్త కోటుతో తిరిగొచ్చేవాడు. "నీ పెట్టెలో ఏముందని పట్టుకుపోతారు? మఠాన్ని భలే బోల్తా కొట్టించాం," అని మురిసిపోయేవాడు. ఎవరి ఒంటి మీద బట్ట లాగి కొట్టించావయ్యా అన్న మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

ఆ మధ్యాహ్నం ఫైట్ ఊరి సభ నుంచి రొప్పుతూ వచ్చాడు.

"ఏమే, విన్నావా? చుట్టుపక్కల రైతులంతా ఒక్కటయ్యారు. క్రీస్తు తన రక్తమిచ్చి మనల్ని విడిపించాడట, మనం మఠం సొత్తు కాదట. కొత్త బోధకుడు రైతుల కోర్కెల కాగితం చదివి వినిపించాడు. చావుపన్ను ఇక లేదు. మన ఆవు మనదే."

"విడిపించింది ఆవునొక్కదాన్నేనా?" అంది కునిగుండ్.

లోపలికి వెళ్ళి, సంతకని దాచిన నీలం బట్ట తాను తెచ్చి బల్ల మీద పరిచింది. కత్తెర అందుకుంది.

"ఒసే, అది అమ్మకానికే!"

"చావుపన్ను పోయిందన్నావుగా. ఇక నాకు మంచి గౌను లేకపోవడానికి ఏం కారణం చెప్తావో చెప్పు."

ఫైట్ తల్లి వైపు చూశాడు.

"ఆగవే పిల్లా," అంది ఆఫ్రా. "మఠం దొరలు ఊరుకుంటారా? రేపు సైన్యంతో వచ్చి మళ్ళీ పన్ను అడిగితే?"

ఆ మాట కునిగుండ్‌కూ తెలియనిది కాదు. అయినా ఎన్నాళ్ళుగానో లేని నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది.

"రానీ అత్తా. రోజూ తొడుక్కుంటాను. పాలు పితికేటప్పుడూ ఇదే, పేడ ఎత్తేటప్పుడూ ఇదే. వాళ్ళొచ్చేసరికి పీలికలు తప్ప ఏం మిగలకూడదు."

కత్తెర కరకరా సాగింది. ఆ చప్పుడు ఆమె చెవులకు ఎంత హాయిగా ఉందో. ఆఫ్రా మెల్లగా దగ్గరికొచ్చి బట్ట అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది. చాలాసేపు వదల్లేదు.

"ఇందులో నాక్కూడా వస్తుందంటావా?"

"వస్తుందత్తా. నిలబడు, కొలత తీస్తాను."

ముసలామె చేతులు రెండూ చాచి నిలబడింది.

"కుట్టు గట్టిగా వెయ్యి," అంది. "ఇప్పుడప్పుడే చచ్చే ఉద్దేశం లేదు నాకు."