పడవలో కలరా సూదులు

తుఫాను వెళ్లాక కలరా వచ్చింది. సూదులు కరణంగారి అరుగు మీద వేశారు. ఆ అరుగు మమ్మల్ని ఎక్కనిచ్చింది ఎప్పుడు గనక? పిలుస్తారేమోనని మా పేటంతా వీధి చివర ఎండలో నిలబడ్డాం. పిలిచిన నాథుడు లేడు. మాకు సూదంటే భయమనుకుని డాక్టరు పెట్టె సర్దేశాడు.

రేవులో పడవ మా మామ రాఘవులుది. డాక్టరు ఎక్కి కూర్చోగానే మామ గెడ కింద పెట్టేశాడు.

"బయల్దేరవేమయ్యా?"

"జనం రావాలండి. పడవైతే అందరూ ఎక్కొచ్చండి."

మేమంతా పిల్లలతో ఎక్కేశాం. డాక్టరు ఒక్క క్షణం మామ వంక చూసి, పెట్టె తెరిచాడు. సూది పడగానే నా చంటిది కేరుమంది. నా గుండె కుదుటపడింది.

ఆఖరున మామ తనూ వేయించుకుని, మేం దిగాక గెడ అందుకున్నాడు. డాక్టరు మా వైపు తిరిగి అన్నాడు:

"రెండో సూదికి తిన్నగా రేవులోకే వచ్చెయ్యండి."