లెంపీ బండి మీది పట్టా

మా వైపు మనిషిని ఏమైనా అడగవచ్చు. ఏ చర్చికి వెళ్తావని, ఓటు ఎవరికేశావని, పెళ్ళాంతో పడుతోందా లేదా అని కూడా అడగవచ్చు. చలికాలంలో క్యాంపర్ బండి మీద టార్పాలిన్ పట్టా కప్పాలా వద్దా అని మాత్రం అడగకూడదు. అడిగారంటే కాఫీ చల్లారేలోపు ఇద్దరు మనుషులు చొక్కాలు పట్టుకుంటారు.

మా పెద్ద సరస్సు మీంచి మంచు దిగిందంటే మామూలుగా దిగదు. ఒక ఏడాది మా పుంజు మంచు మీద షికారుకెళ్ళి, కంచె అనుకుని టెలిఫోన్ తీగ మీద కూర్చుంది. తెల్లారి చూస్తే మంచు కుంగిపోయింది, పుంజు ఆకాశంలో ఉంది. నిచ్చెన వేసి దించాను. నమ్మకపోతే పుంజునే అడుగుదురు గానీ, పాపం ఇప్పుడది లేదు.

అలాంటి చలికాలం నెత్తిమీదికి వస్తుండగా, సెప్టెంబరులో లెంపీ ఇల్లు కాలిపోయింది. పొగగొట్టంలో నిప్పు రాజుకుందట. లెంపీ మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు. సరస్సు ఒడ్డున ఆమెకు మిగిలినవి రెండే. ఒకటి తాతల నాటి సౌనా, అంటే వేడిరాళ్ళ మీద నీళ్ళు చల్లి ఆవిరి స్నానం చేసే చెక్కల కొట్టు. రెండోది క్యాంపర్, ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. అందులో ఒక మంచం, ఒక పొయ్యి, రెండు కిటికీలు. వాళ్ళమ్మ పాత కోట్ల ముక్కలతో కుట్టిన బొంత కూడా ఆ మంచం మీదే ఉండిపోయి, మంటల్లోంచి బతికింది.

చలికాలం సౌనాలోనే గడుపుతానంది లెంపీ. “ఊరేమనుకుంటుంది?” అని అన్న ఆర్విడ్ తన ఇంటికి తీసుకుపోయాడు. ఆర్విడ్ కట్టెల మిల్లులో ఫోర్‌మన్‌గా చేశాడు. మిల్లు మూతబడినా ఫోర్‌మన్‌గిరీ పోలేదు. ఆ ఇంట్లో కాఫీ ఎప్పుడు కాగాలో ఆయనే చెప్పాలి, దీపం ఎప్పుడు ఆరాలో ఆయనే చెప్పాలి.

లెంపీ రోడ్డవతల మా ఇంటికొచ్చి ఏలకుల రొట్టె తుంచుతూ అంది: “మే నెల రానీ బాబాయ్, ఒక్క పూట ఉండను. ఇప్పుడా బండే నా ఇల్లు. నా పొయ్యి మీద నా కాఫీ నేను కాచుకుంటా.”

“అయితే బండిని మా షెడ్డులో పెట్టు. పైన కప్పుంది, మంచు సంగతే లేదు,” అన్నాను. గడ్డి మిషన్ బయటికి లాగి చోటు కూడా చేశాను.

ఆర్విడ్ ఒప్పుకోలేదు. “తోడబుట్టినవాళ్ళం ఇద్దరం గుండ్రాళ్ళలా ఉండగా పరాయివాడి షెడ్డా?”

నేను పరాయివాణ్ణట! వాడి పాలపన్ను కదిలినప్పుడు దారం కట్టి మా తలుపుకి తగిలించి లాగిన చేతులు ఎవరివో!

బండిని తెచ్చి తన ఇంటికీ, తమ్ముడు రేనో ఇంటికీ మధ్య నిలబెట్టాడు. రేనో రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపినవాడు. చూడగానే మొదలుపెట్టాడు.

“పట్టా కప్పావంటే లోపల చెమటపట్టి బూజెక్కుద్దన్నా. గాలికి కొట్టుకుని రంగంతా గీకేస్తది. ఊరికే వదిలెయ్, మంచు పడ్డప్పుడల్లా పారతో తోసేద్దాం.”

“తోస్తావు, తోస్తావు. పోయినేడు నువ్వు తోసిన మంచుకి నా పోస్టుడబ్బా ఏ లోకానికెళ్ళిందో ఇప్పటికీ తెలీదు. కప్పకపోతే అతుకుల్లోకి నీళ్ళు దిగి, గడ్డకట్టి, పగిలి చస్తది.”

“మిల్లులో దుంగలు కప్పినట్టనుకున్నావా?”

“రోడ్డు తుడిచినోడివి, ఇళ్ళ సంగతి నీకేం తెలుసురా?”

“అసలు నేనేమంటానంటే...” అంది లెంపీ.

“నువ్వుండు లెంపీ!”

“నువ్వుండక్కా!”

ఆ ఒక్క ముక్క దగ్గర మాత్రం అన్నదమ్ములు ఏకమయ్యారు.

ఆర్విడ్ నీలం పట్టా తెచ్చి, మిల్లు తాళ్ళతో బిగించి కట్టాడు. నవంబరు గాలికి అది పగలూ రాత్రీ టపటపలాడింది. రేనో గుమ్మంలోంచి తిట్టాడు. ఆర్విడ్ ఇంకో తాడు కట్టాడు. ఆ తర్వాత మాటలు పోయాయి. “మీ తమ్ముడితో చెప్పు, నోరు అదుపులో పెట్టుకోమని.” “మీ అన్నతో చెప్పు, ఆ గుడ్డ దింపమని.” మధ్యలో మోసింది లెంపీ. తపాలావాడికైనా ఆదివారం సెలవుంది.

జింకల వేట మొదలవగానే మా ఊళ్ళో మగాళ్ళందరిలాగే ఆర్విడ్ కూడా తుపాకీ పట్టుకుని అడవికెళ్ళాడు. రేనో అందుకోసమే కాచుక్కూర్చున్నాడు. తాళ్ళు కోసేసి, పట్టా కొస తన ట్రక్కుకి కట్టి లాగాడు. పట్టా ఊడొచ్చింది. బండి పైన టప్పుమని ఏదో విరిగింది. రోడ్డు మీదున్న నాకే వినపడింది.

“ఏదో విరిగిందిరా!” అని అరిచాను.

“మంచు పెళ్ళలే బాబాయ్.”

లెంపీ పరిగెత్తుకొచ్చింది. “నిచ్చెన ఇయ్యి రేనో, ఎక్కి చూస్తాను.”

“కాలు జారితే నడుం విరుగుద్దక్కా. నేను చూస్తాలే.”

చూడలేదు. అడవి నుంచి వచ్చిన ఆర్విడ్, గుమ్మంలో మడతపెట్టి పడేసిన పట్టా చూసి పళ్ళు నూరాడు. “తీసినోడే అనుభవిస్తాడు. నేను వేలు పెట్టను.”

“వాడనుభవించేదేంటన్నయ్యా? బండి నాది! తాళంచెవి ఇటివ్వు, ఒక్కసారి లోపల చూసొస్తా.”

“తాళంచెవి నా దగ్గర భద్రంగా ఉందిగా. ఈ చలిలో నీకెందుకా గొడవ?”

అన్న వేలు పెట్టనన్నాడని తెలిసి తమ్ముడు పారే పట్టలేదు. కప్పేవాడూ లేడు, తోసేవాడూ లేడు. క్రిస్మస్ దాటేసరికి బండి కనపడలేదు, రెండిళ్ళ మధ్య తెల్లటి దిబ్బ మాత్రం కనపడింది. లెంపీ మా కిటికీ దగ్గర నిలబడి దాన్నే చూసేది. ఆ దవడ ఎంత గట్టిగా బిగుసుకునేదంటే, నాకు పళ్ళ చప్పుడు వినిపించేది.

ఏప్రిల్లో దిబ్బ తవ్వారు. తలుపు రాకపోతే ఆర్విడ్ భుజం పెట్టి తోశాడు. లోపల మంచం మీద మంచు పడుకుని ఉంది, ఇంటి యజమానిలాగ, దర్జాగా. పైకప్పుకి, గాలాడటానికి తెరిచే గాలిమూత ఉండాల్సినచోట చదరంగా ఆకాశం. నేల చెక్క ఉబ్బి పైకి లేచింది. గోడలకు నల్లని బూజు. అమ్మ కుట్టిన బొంతను లెంపీ పట్టి లాగితే తలుపు చెక్కలా బిగుసుకుని వచ్చింది.

“గాలిమూత ఏదిరా?” అన్నాడు ఆర్విడ్. అయిదు నెలల తర్వాత తమ్ముడితో మొదటి మాట.

“నన్నడుగుతావేం? మూసుంటే విరిగేది కాదు. తెరిచిందెవడు?”

“నేనే! పట్టా కింద గాలాడాలని తెరిచా. బూజు బూజని నువ్వేగా మొత్తుకున్నావు!”

“ఆ ముక్క చెప్పొచ్చుగా?”

“మాట్లాడుకుంటున్నామా మనం? తీసినోడివి పైకెక్కి చూసి మూసుంటావనుకున్నా!”

“నువ్వు తెరిచావని నాకు కలొచ్చిందా?”

“ఇంకొక్క మాటంటే ఇద్దర్నీ ఈ దిబ్బలోనే పాతరేస్తా!”

లెంపీ అంత గొంతు ఎత్తగలదని నాకు తెలీదు. మా ఇంటి దగ్గర కుక్క కూడా మొరగడం ఆపింది.

“చలికాలమంతా మీ తిట్లు ఇటు నుంచటు మోశానే. ‘లెంపీ, నీ బండినేం చెయ్యమంటావే’ అని ఒక్కడన్నా అడిగాడా? నిచ్చెనడిగితే నడుం విరుగుద్దన్నావు నువ్వు. తాళంచెవి అడిగితే చలన్నావు నువ్వు. ఇల్లు కాల్చిన నిప్పుకైతే బుద్ధి లేదు, మీకేమొచ్చింది? నా తాళంచెవి ఇటు పడెయ్!”

ఫోర్‌మన్ ఆమె చేతిలో పెట్టేశాడు.

“బాబాయ్, ట్రాక్టర్ తీసుకురా. ఇప్పుడే.”

పరిగెత్తాను. నా మోకాళ్ళు ఇది ఎవరి పరుగా అని విస్తుపోయాయి. కారుతున్న బండిని కారుతున్నట్టే తగిలించి, బురదలో సరస్సు ఒడ్డుకి లాగాను. లెంపీ సౌనా పొయ్యి ముట్టించింది. ఓడెక్కి ఈ దేశం కొత్తగా వచ్చినప్పుడు మా తాతలు ముందు సౌనా కట్టుకుని, అందులోనే కాపురం పెట్టి, ఆనక ఇల్లు కట్టుకున్నారు. లెంపీ కూడా బయటి గదిలో మంచం వేసుకుంది. వేడిరాళ్ళ గదిలో పరుపు ఆరబెట్టింది. బొంత దండెం మీద వేలాడింది.

శనివారం అన్నదమ్ములు భుజాన తువ్వాళ్ళతో దిగారు. మా వాళ్ళు చావనైనా చస్తారు గానీ శనివారం సౌనా మానరు. నేను మెట్టు మీద కూర్చుని, లెంపీ తన పొయ్యి మీద కాచిచ్చిన కాఫీ తాగుతున్నాను.

“ఖాళీ లేదు,” అంది లెంపీ తలుపు వెనక నుంచి.

“ఎవరున్నారు లోపల?”

“పరుపు. చెమట పట్టిస్తున్నా.”

“అక్కా, శనివారమే ఇవాళ!”

“మంచు అంటే అంత ఇష్టమున్నోళ్ళు, పోయి ఆ మంచే రుద్దుకోండి.”

ఇద్దరూ కాలు మార్చి కాలు మీద నిలబడ్డారు. చివరికి రేనో మెత్తబడ్డాడు. “సర్లే అక్కా, తప్పయింది. వచ్చే చలికాలం నువ్వెలా చెబితే అలా. చెప్పు, పట్టా కప్పమంటావా, వద్దంటావా?”

“అడగడానికేముంది?” అన్నాడు ఆర్విడ్, నాలుక ఆగక. “కప్పాల్సిందే. కాకపోతే ఈసారి మూత మూసి...”

“మూస్తే చెమట పడుద్దని చెప్పానా లేదా?”

“నువ్వు నాకు చెప్పేదేంట్రా?”

తలుపు తెరుచుకుంది. బకెట్టెడు సరస్సు నీళ్ళు, మంచు ముక్కలతో సహా, ఇద్దరి నెత్తినా పడ్డాయి. ఆర్విడ్ జుట్టు నిలబడి గడ్డకట్టింది. మర్నాడు చర్చిలో వాడి టోపీ నెత్తికి జానెడు ఎత్తులో ఆగిందంటే అబద్ధం కాదు, ఒట్టు.

వాళ్ళు వణుక్కుంటూ పోయాక లెంపీ బకెట్టు బోర్లించి, నా పక్కన కూర్చుంది.

“మీ షెడ్డులో చోటు ఇంకా అలాగే ఉందా బాబాయ్?”

“ఉంది. మీ వాళ్ళు బతిమాలినా షెడ్డు తాళంచెవి ఇవ్వను. నా దగ్గరే ఉంచుతా.”

“నువ్వూ ఉంచుకోకు,” అని చెయ్యి చాపింది. “నాకియ్యి.”

జేబులోంచి తీసి ఇచ్చేశాను.