తవ్వి చూడని మట్టి

పార్కు వెనకగోడ పక్కన ఆరు సిమెంటు తొట్లున్నాయి. రాలిన ఆకులు, పేడ, కూరగాయల తొక్కలు వాటిలో నింపి వానపాములతో ఎరువు తయారుచేయించడం అతని పని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. తోటమాలులు అతన్ని వానపాముల మాస్టారు అంటారు. అందులో సగం వెక్కిరింతే అయినా అతను పలికేవాడు.

మట్టి తిరగేసేటప్పుడు చేతిపార తగిలి వానపాము తెగితే, అతను రెండు ముక్కల మీదా గబగబా మట్టి కప్పేసి వేరే మూలకి పోయేవాడు. మళ్ళీ రెండు వారాలదాకా అక్కడ పార పెట్టేవాడు కాదు. రెండూ బతుకుతాయనీ, కదిలించకూడదనీ చెప్పేవాడు.

ఒకరోజు ఉదయం ఆఫీసర్ మేడమ్ వచ్చి, గొడుగైనా మూయకుండా చెప్పింది.

"ఊరి చివర కొత్త ఎరువు యార్డు కట్టారు మాస్టారూ. పన్నెండు రోజుల్లో వ్యాను పంపిస్తా. సగం పాములు అక్కడికివ్వాలి. అలాగని ఇక్కడ ఎరువు తగ్గకూడదు. తగ్గిందంటే ఈ తొట్లు పగలగొట్టి అంతా అక్కడే చేయిస్తారట."

"పన్నెండు రోజులా? అవి రెట్టింపవ్వాలంటే మూడు నెలలైనా పడుతుంది మేడమ్."

"ఏదో ఒకటి చెయ్యండి. వాటి సంగతి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

అతనికి ఏడేళ్ళప్పుడు, పిల్లల్లేని పెద్దమ్మకి తమ్ముణ్ణి ఇచ్చేశారు. అన్నం ముట్టకుండా మూల కూర్చున్న అతన్ని అమ్మ పెరట్లోకి తీసుకెళ్ళింది. పార అంచుతో ఒక వానపామును రెండు చేసింది. రెండు ముక్కలూ గిలగిల్లాడాయి. "చూశావా నాన్నా? ఇదీ బతుకుతుంది, అదీ బతుకుతుంది. విడదీసినంత మాత్రాన ఏం కాదు" అని, వాటి మీద మట్టి కప్పి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఏడు వానలు వెనకపట్టకముందే పెద్దమ్మ ఇంట్లో తమ్ముడు జ్వరంతో పోయాడు. అమ్మ ఇక ఆ ఊసెత్తలేదు. అతనూ అడగలేదు. వేళకి తిన్నాడు, పొడుగయ్యాడు, తమ్ముడి చొక్కాగుడ్డతో పలక తుడుచుకున్నాడు. వానపాము విషయంలో అమ్మ మాట నిజమైతే చాలు, తక్కినదంతా జ్వరం మీదికి నెట్టేయవచ్చు.

మేడమ్ వెళ్ళాక అతను తడిగోనె పరిచి, దాని మీద చెక్కపలక పెట్టుకుని, గడ్డం గీసుకునే బ్లేడుతో మొదలుపెట్టాడు. నాలుగు రోజులు, మూడు తొట్లు. ఒక్కోదాన్ని సరిగ్గా నడిమికి కోసేవాడు. ప్రతి ముక్కా మెలికలు తిరిగేది. అది చూసినప్పుడల్లా గుండె కాస్త కుదుటపడేది. మట్టి కప్పి, నీళ్ళు చిలకరించి, ఇక అటు చూడలేదు.

పదో రోజు ఎరువు జల్లించే ఆవిడ జల్లెడ పట్టుకుని వచ్చింది. రెండు వారాలకోసారి వస్తుంది. వస్తూనే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటన్నా ఈ కంపు? పందికొక్కేమైనా చచ్చిందా?"

"ఆ మూడూ కదిలించకు."

అప్పటికే ఆమె పార దించింది. జల్లెడలో పడ్డవి బూడిదరంగు తిరిగి, నీరుగారిపోతున్న ముక్కలు. వాటి మధ్య బక్కచిక్కినవి నాలుగైదు మెల్లగా పాకుతున్నాయి.

"ఎవడు కోశాడన్నా ఇలా?"

"నేనే. రెట్టింపవుతాయని."

ఆమె పకపకా నవ్వింది. "బాగుంది! పద్దెనిమిదేళ్ళు వీటితో కాపురం చేసి నేర్చుకున్నది ఇదా? తలున్న ముక్కకైతే కాస్తో కూస్తో ఆశ. తోకముక్కకి నోరుందా, ఏం తిని బతుకుతుంది? మా మనవరాలిక్కూడా తెలుసిది."

"కోశాక కొట్టుకుంటాయి కదా."

"కొట్టుకోదూ మరి, కోస్తే? నొప్పికి కొట్టుకుంటే బతకడమనుకున్నావా?" అంటూ తలెత్తి, అతని మొహం చూసి ఆగిపోయింది.

అతను తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు. తనకిది కొత్త సంగతి కాదని అప్పుడే తెలిసింది. తెలియనివాడైతే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తవ్వి చూసేవాడు.

పన్నెండో రోజు వ్యాను వచ్చింది. కోయని తొట్లు మూడే మిగిలాయి. మేడమ్ వంగి చూసి నిట్టూర్చింది.

"సరే, ఉన్నవాటిలోనే సగం ఎక్కించండి. మూడు నెలలు ఆగమని పైవాళ్ళని నేను బతిమాలుకుంటా."

"సగం వద్దు మేడమ్. మొత్తం తీసుకెళ్ళండి."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ తీసేయించండి."

"మతి ఉండే మాట్లాడుతున్నారా మాస్టారూ? అక్కడ మనుషుల్ని పెట్టేశారు. మీకు చోటుండదు."

"తెలుసు."

మట్టిని పెట్టెల్లోకి అతనే ఎత్తాడు, పార ముట్టకుండా, దోసిళ్ళతో. మధ్యాహ్నానికి తొట్ల అడుగు సిమెంటు బయటపడింది. వ్యాను మలుపు తిరిగాక జల్లించే ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"ఆవిడ దిగొచ్చి సగమంటే నీకేమొచ్చింది? చేజేతులా పోగొట్టుకున్నావు కదన్నా."

"నాకో తమ్ముడుండేవాడు."

"ఎప్పుడూ చెప్పలేదే. నీలాగే ఉండేవాడా?"

అతను గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. పడుకున్నప్పుడు తన పిక్కకి ఆనుకున్న చిన్న మడమ, దాని వెచ్చదనం గుర్తొచ్చాయి. మొహం ఎంతకీ రాలేదు.