దించిన కూరలు

"మూత తియ్యక్కా, ఏంటలా చూస్తావు? చెత్త లారీ వచ్చేస్తోంది," అని సూపర్‌వైజరు కేకేశాడు.

ఆమె ఫినాయిల్ సీసా మూత తిప్పింది. దుకాణం వెనక గోడవారన ఉన్న పెద్ద తొట్టిలో అప్పుడే గుమ్మరించిన టమాటాలు, వంకాయలు, పాలకూర కట్టలు ఉన్నాయి. పొద్దున అద్దాల వెలుగులో నీళ్ళు చల్లించుకుని మెరిసినవే. దుకాణంలో వీటిని ‘దించినవి’ అంటారు. అరలోంచి దించాక అవి ఇక కూరలు కావు. టమాటాకి చిన్న సొట్ట, వంకాయకి ఎండిన ముచ్చిక, అంతే. ఎవరైనా ఏరుకుపోతే కొనేవాళ్ళు తగ్గిపోతారని యజమాని భయం.

ఆమె ముఖం పక్కకు తిప్పుకుని పోసింది. ఎప్పుడూ అలాగే పోస్తుంది. అడిగినవాళ్ళకి మాత్రం "కూరల దగ్గర పని" అని చెబుతుంది. అబద్ధం కాదుగా అని సర్దిచెప్పుకుంటుంది.

పని దిగి వెళ్తూ అన్నగారింట్లోకి తొంగిచూసింది. అన్న పరంజా మీంచి పడి మంచం పట్టినప్పటి నుంచి వదిన ఇళ్ళల్లో అంట్లు తోముతోంది. కిలో టమాటాలు కొనాలంటే ఆ కూలీలో సగం పోతుంది. అలాంటిది ఇవాళ పొయ్యి మీద కూర ఉడుకుతోంది.

"రావే, సమయానికొచ్చావు!" వదిన మొహం వెలిగిపోతోంది. "పిల్లకి రక్తం లేదు, ఆకుకూరలు పెట్టమందిగా డాక్టరమ్మ? ఆవిడకేం, చెప్పడానికి నోరేగా! నిన్నటి నుంచి మనింట్లో కూరేనే. మీ దుకాణం వెనక తొట్టిలో దొరికాయి."

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీవాళ్ళెంత మంచోళ్ళే! పారేసేవి కూడా మందేసి కడిగి మరీ పారేస్తారు. అదే, నేలలు తుడిచే మందు. పురుగూ పుట్రా చచ్చిపోతాయిగా! వాసన పోవాలని నేను మళ్ళీ ఉప్పునీళ్ళలో కడిగాననుకో."

మంచం మీంచి అన్న నవ్వాడు. "మీ వదిన వంటకి ఇన్నాళ్ళకి ఓ వాసనంటూ వచ్చింది."

"నచ్చకపోతే మానెయ్యండి, నాకు మిగులుతుంది!"

ఆమె లోపలికొచ్చి మంచం పక్కన కూర్చుంది. చెప్పాలి. కానీ ‘అది విషం’ అంటే, వెనకే ‘పోసింది నేనే’ అని కూడా అనాలి. రెండోది అనకుండా మొదటిది ఎలా చెప్పాలా అని వెతుక్కుంటుండగానే వదిన ముద్ద కలిపింది. మేనకోడలు వద్దని మారాం చేస్తూ వచ్చి అత్త ఒళ్ళో దూరింది. ఆమె అరచేతిని చెంపకానించుకుని, వెంటనే ముక్కు చిట్లించింది.

"అమ్మా! అత్త చేతులు కూడా మన కూర వాసనే!"

వదిన చేతిలో ముద్ద ఆగిపోయింది.

"పెట్టకు వదినా. అది విషం. ఎవరూ తినకూడదని పోయిస్తారు."

"పోసేదెవరు?"

ఆమె చేతులు కొంగులో దాచుకుంది.

"కడుపునొప్పని రాత్రంతా ఏడిస్తే, వేషాలని కసిరాను కదే," అంది వదిన మెల్లగా. అంతే, పిల్లని భుజానేసుకుని ఆసుపత్రికి పరుగు తీసింది. ఆమె కూడా వెనకే పరుగెత్తింది.

గండం లేదన్నాక డాక్టరమ్మ వదినని అందరి ముందూ దులిపేసింది. "ఆకుకూరలు పెట్టమంటే చెత్తకుండీలోవి పెడతావా? తల్లివేనా నువ్వు?" వదిన తల వంచుకుని మాటలు పడింది. పక్కనే ఉన్న ఆడపడుచు వైపు చూడను కూడా చూడలేదు. ఆ చూడకపోవడమే ఆమెను కోసేసింది.

తిరిగి వస్తుంటే వీధి మలుపులో వదిన ఒక్కటే మాటంది. "పోస్తారని నాకొక్క మాట చెప్పుంటే, పొయ్యకముందే వచ్చి ఏరుకునేదాన్ని కదే."

తిట్టినా బాగుండేదనుకుంది ఆమె. ఇంటికెళ్ళి చేతులు సబ్బుతో తోముకుంది, బూడిదతో తోముకుంది. వాసన పోలేదు.

మర్నాడు సాయంత్రం తొట్టి నిండింది. సూపర్‌వైజరు సీసా తెచ్చి చేతికిచ్చాడు.

"నేను పొయ్యను."

"ఏంటక్కా, వేళాకోళమా? పొయ్యకపోతే నిన్నూ దించేస్తారు."

ఆమె మూత తియ్యని సీసాని అతని కాళ్ళ దగ్గర పెట్టింది. గోడవతల ఎవరిదో చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది. సూపర్‌వైజరు గోడ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. చీర కొంగు గాలికి ఎగురుతోంది. ఆమె చేతులు బయటే ఉన్నాయి.